గేర్లు లేని సైకిలు మీద రోజూ పనికి: గోదావరి డెల్టా వాసులు తరచుగా అడిగే ప్రశ్నలు

నరసాపురం పక్క ఊరి నుంచి పాలకొల్లుకు ఆరేళ్ళుగా సైకిలు మీదే పనికి వెళ్తున్నాను. పోను పది కిలోమీటర్లు, రాను పది. టీ కొట్టు దగ్గర ఆగితే చాలు, ఎవరో ఒకరు వచ్చి సీటు నొక్కి చూసి మొన్న ఇంకొకరు అడిగిందే మళ్ళీ అడుగుతారు. నోటితో చెప్పి చెప్పి అలసిపోయి ఇలా రాసి పెట్టాను. వరసగా చదవనక్కరలేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గర ఆగండి.

## కొనే ముందు

గేర్లు లేకుండా రోజూ పది, పన్నెండు కిలోమీటర్లు నిజంగా వెళ్ళగలనా?

వెళ్ళగలరు. మన నేలే అలాంటిది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని కింద సాగిన కాలువల్లో నీరు తనంతట తానే పారాలి కాబట్టి వాటి వాలు కంటికి ఆనదు. ఆ గట్ల వెంట పడిన రోడ్లూ అంతే బల్లపరుపు. లాకుల దగ్గర చిన్న వంతెనలు, నది మీద పెద్ద వారధులు తప్ప మనకు ఎక్కుడు అనేది లేదు. కొత్తలో పది కిలోమీటర్లకు 45 నిమిషాలు పడుతుంది, నెల తిరిగేసరికి 35కు వస్తుంది. పైగా గేర్లు లేకపోతే తుప్పు పట్టే వస్తువులు కూడా తక్కువ. ఉప్పుగాలి ఊళ్ళలో ఇది చిన్న లాభం కాదు.

పాత తరహా నల్ల సైకిలు కొనాలా, కొత్తగా వస్తున్న తేలిక సైకిలు కొనాలా?

నల్ల సైకిలు ఇరవై కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. 28 అంగుళాల చక్రాలు, రాడ్ బ్రేకులు, నిండు చైన్‌కవరు ఉంటాయి. దాని విడిభాగం దొరకని ఊరు లేదు. తేలిక సైకిలు పద్నాలుగు, పదిహేను కిలోలు. దాని రిమ్ములు అల్యూమినియంవి కాబట్టి వానలో బ్రేకు బాగా పడుతుంది, కానీ చైను బయటికి ఉండి గట్టు మీది దుమ్మంతా పట్టుకుంటుంది. మేడ మెట్లు ఎక్కించవలసిన వారు తేలికది తీసుకోండి. మిగతావారికి నేను నల్లదే చెబుతాను. నా మాటలో పక్షపాతం ఉంది, నాది నల్లదే.

ఏ సైజు నాకు సరిపోతుంది?

పెద్దవాళ్ళ నల్ల సైకిలు ఫ్రేము సాధారణంగా 22, 24 అంగుళాల్లో వస్తుంది. చెప్పులు వేసుకుని పైకడ్డీకి అటొక కాలు, ఇటొక కాలు పెట్టి నేల మీద నిలబడండి. కడ్డీకీ మీకూ మధ్య రెండు వేళ్ళ సందు ఉండాలి. ఆ సందు లేకపోతే ఒక సైజు తగ్గండి. సీటును పెంచుకోవచ్చు కానీ ఫ్రేమును కోసుకోలేరు.

పాత సైకిలు చవకగా వస్తోంది. ఏమేమి చూసుకోవాలి?

ముందు చక్రాన్ని పైకెత్తి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. మధ్యలో పట్టేసినట్టుంటే తలభాగంలోని బేరింగు కప్పులు పోయాయి. పెడలు కడ్డీలను పట్టుకుని పక్కలకు ఊపండి, కదలిక ఉంటే లోపల అరుగుదల ఉంది. చక్రం తిప్పి బ్రేకు కట్టెకు (రిమ్మును నొక్కే రబ్బరు ముక్కకు), రిమ్ముకు మధ్య సందును చూడండి, బెండు తెలిసిపోతుంది. ఇవన్నీ డబ్బుతో పోయే రోగాలే. పోనిది ఫ్రేము తుప్పు. రొయ్యల చెరువు గట్ల మీద తిరిగిన సైకిలైతే వెనుక చక్రం దగ్గరి గొట్టాలను, సీటు కింద గొట్టం అడుగు భాగాన్ని నాణెంతో తట్టి చూడండి. రంగు పొంగి ఉన్నచోట బొదబొదమని మోగితే నమస్కారం పెట్టి వచ్చేయండి.

ఫ్రీవీలు (పెడలు ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే వెనుక పళ్ళచక్రం) లేకుండా, పెడలు ఆపితే చక్రం కూడా ఆగే సైకిళ్ళు ఉంటాయట కదా? అది మంచిదా?

పందెపు మైదానంలో మంచిది. గేదెలు అడ్డొచ్చే రోడ్డు మీద, పెడలు ఆపి కాలు దించవలసిన చోట వద్దు.

## అమర్చుకునేటప్పుడు

ఫ్రీవీలు 16 పళ్ళదా, 18దా, 20దా? షాపులో ఏది ఉంటే అది వేస్తున్నారు.

సైకిలు అమరికలో మొత్తం తేడా తెచ్చే నిర్ణయం ఇదొక్కటే. దీనికి మాత్రం తొందరపడకండి.

లెక్క చిన్నది. ముందున్న చైన్‌వీలుకు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు అనుకుందాం. పెడలు ఒక చుట్టు తిరిగితే వెనుక చక్రం 2.44 చుట్లు తిరుగుతుంది. 28 అంగుళాల చక్రం ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు వెళ్తుంది కాబట్టి, ఒక తొక్కుడుకు 5.4 మీటర్లు. నిమిషానికి అరవై చుట్లు తొక్కితే గంటకు 19 కిలోమీటర్ల పైచిలుకు. అదే 20 పళ్ళది వేస్తే తొక్కుడుకు 4.8 మీటర్లు, గంటకు 17 పైచిలుకు. అంటే పది కిలోమీటర్ల దారిలో మీరు పోగొట్టుకునేది మూడు, నాలుగు నిమిషాలు.

ఆ నిమిషాలకు బదులు ఏమి వస్తుందో సాయంత్రం తెలుస్తుంది. అందరూ షాపు ముందు వీధిలో, పొద్దుటి పూట, గాలి లేనప్పుడు తొక్కి చూసి 16 పళ్ళదాన్ని మెచ్చుకుంటారు. బాణంలా పోతుంది మరి. ఎదురుగాలిలో, క్యారియర్ మీద బియ్యం సంచితో ఇంటికి వచ్చేటప్పుడు అదే పన్ను మోకాలి చిప్పను పీకుతుంది. గేరు ఒక్కటే ఉన్నవాడు తన దారిలో అన్నిటికంటే కష్టమైన రెండు కిలోమీటర్లను చూసి దాన్ని ఎంచుకోవాలి. సముద్రం వైపు ఊళ్ళవారికి, నలభై దాటినవారికి 20 వేయించమంటాను. బరువు లేకుండా తిరిగే కుర్రవాళ్ళకు 18 చాలు. 18 తీసి 20 వేస్తే సాధారణంగా వెనుక ఇరుసును అర సెంటీమీటరు పైచిలుకు ముందుకు జరిపితే పాత చైనే సరిపోతుంది, జరిపే చోటు లేకపోతే ఒక జత లింకులు కలపాలి. ఫ్రీవీలు విప్పడానికి వేరే పనిముట్టు కావాలి కాబట్టి షాపుకే ఇవ్వండి.

సీటు ఎంత ఎత్తులో ఉండాలి?

గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, అడుగుకు వచ్చిన పెడలు మీద మడమ పెట్టండి. కాలు నిటారుగా సాగాలి. అప్పుడు మునివేళ్ళ దగ్గరి భాగంతో తొక్కితే మోకాలు కొంచెం వంగి ఉంటుంది, అదే సరైన ఎత్తు. మనవారిలో చాలామంది రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనేంత కిందికి సీటు దించుకుంటారు. ధైర్యానికి బాగుంటుంది కానీ మోకాళ్ళు నెలలో మొర పెడతాయి. భయమైతే వారానికి ఒక సెంటీమీటరు చొప్పున పెంచండి. సీటు రాడ్డు మీద గీసి ఉన్న గీత బయటికి కనిపించేంత మాత్రం పెంచకండి.

చైను బిగువుగా ఉండాలా, వదులుగా ఉండాలా?

రెండూ కాదు. స్టాండు వేసి, చైన్‌కవరు వెనుక మూత తీసి, చైను మధ్యలో బొటనవేలితో పైకి నెట్టండి, వదలండి. పైకీ కిందికీ కలిపి ఒక సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర ఆడాలి. ఒక్కచోట చూసి వదిలేయకండి. చైన్‌వీలు ఎప్పుడూ పూర్తి గుండ్రంగా ఉండదు. పెడలును పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్ల నెట్టి చూస్తే ఒకచోట వేలికి గట్టిగా తగులుతుంది. కొలవవలసింది ఆ గట్టి చోటునే. అక్కడ ఆట లేకపోతే ఇరుసు బేరింగులు అరుగుతాయి. సరిచేయడానికి ఇరుసు నట్లు రెండూ వదులు చేసి, చక్రాన్ని వెనక్కి లాగి కుడి నట్టు కొద్దిగా బిగించండి. తరువాత చక్రం ఫ్రేముకు నట్టనడుమ ఉందో లేదో కంటితో చూసుకుని ఎడమది, ఆపైన రెండూ గట్టిగా బిగించండి. చక్రం జరిగింది కాబట్టి వెనుక బ్రేకు ఒకసారి నొక్కి చూడకుండా రోడ్డెక్కకండి.

గాలి ఎంత కొట్టించాలి? మూడు రోజులకే దిగిపోతోంది.

ఎంతవరకు కొట్టవచ్చో టైరు పక్కన ముద్రించి ఉంటుంది. గేజీ లేకపోతే బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు టైరు నడుమ కొంచెం మాత్రమే లోపలికి దిగాలి. వెనుకది ముందుదానికంటే గట్టిగా ఉండాలి. మూడు రోజులకే దిగుతుంటే పంక్చరు అనుకునే ముందు వాల్వు చూడండి. నల్ల సైకిలు వాల్వు లోపల సన్నని రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. ఎండకు అది పగిలి గాలి వదిలేస్తుంది. కొత్త ముక్క తొడగడం రెండు నిమిషాల పని. నేను జేబులో రెండు ముక్కలు ఎప్పుడూ ఉంచుకుంటాను.

ఎడమ పెడలు ఎంత బిగించినా ఊడి వస్తోంది.

మీరు బిగించడం లేదు, విప్పుతున్నారు. ఎడమ పెడలు మర ఎదురు తిరుగుడుది, గడియారపు ముళ్ళకు వ్యతిరేకంగా తిప్పితే బిగుస్తుంది. అలా తిప్పినా ఊడుతుంటే కడ్డీలో మర పాడైంది, కడ్డీ మార్చాలి.

లైటు తప్పనిసరా?

కాలువ గట్టు రోడ్డు మీద చీకటి పడ్డాక మీరు చూడటం కంటే మీరు కనబడటం ముఖ్యం. వెనుక ఎర్ర లైటు, ముందు తెల్ల లైటు, చక్రాలకు మెరిసే బిళ్ళలు. ముదురు రంగు చొక్కా మానండి. ఒక పక్క కాలువ, ఒక పక్క చేపల చెరువు ఉన్న దారిలో ఎదుటి వాహనం లైటు కళ్ళలో పడితే ఆగిపోండి, ఊహతో ముందుకు పోకండి.

## మొదటి నెల

పొద్దున హాయిగా వెళ్తున్నాను, సాయంత్రం ప్రాణం పోతోంది. తప్పు సైకిలుదా, నాదా?

తప్పు గాలిది. ఎండాకాలంలో నేల సముద్రం కంటే తొందరగా వేడెక్కుతుంది. నేల మీది గాలి పైకి లేస్తే, ఆ చోటుకు సముద్రపు గాలి లోపలికి వస్తుంది. మధ్యాహ్నం మొదలై సాయంత్రం దాకా ఉంటుంది. పాలకొల్లు నుంచి నరసాపురం వైపు, అంటే దక్షిణానికి, ఇంటికి వెళ్ళేవాడి ముఖానికే అది తగులుతుంది. వానాకాలంలో పడమటి గాలి వంతు. మీరు గంటకు 15 కిలోమీటర్లతో వెళ్తుండగా గాలి 15తో ఎదురొస్తే ఒంటికి తగిలే వేగం 30, గాలి అడ్డు నాలుగింతలు. కొండ లేని మన ఊళ్ళకు ఇదే కొండ.

చేయగలిగింది ఉంది. మోచేతులు వంచి ముందుకు వాలండి. చొక్కా తెరచాపలా ఉబ్బకుండా బొత్తాలు పెట్టుకోండి. పొద్దుటి వేగం అందుకోవాలని చూడకండి, సాయంత్రానికి పది నిమిషాలు ఎక్కువ కేటాయించుకోండి. కొబ్బరితోటల మధ్యగా పోయే లోపలి దారి ఒక కిలోమీటరు ఎక్కువైనా అదే మేలు. చెట్లు గాలిని సగం తినేస్తాయి, నీడ అదనం.

వంతెన సగంలో ఆగిపోతున్నాను. ఎలా ఎక్కాలి?

ఎక్కుడు మొదలవకముందే వేగం పెంచండి. మొదటి సగం ఆ ఊపుతో పోతుంది. పెడలు బరువెక్కగానే లేచి నిలబడి, హ్యాండిల్ పట్టుకుని ఒంటి బరువును ఒక్కో పెడలు మీద వేయండి. కూర్చుని బలవంతంగా తొక్కితే మోకాళ్ళ మీద భారం. వశిష్ఠ మీది చించినాడ వంతెన లాంటి పొడవైన వాటిని మొదటి వారంలోనే జయించాలని పంతం వద్దు. దిగి నడిపించండి, అక్కడి నుంచి గోదావరి బాగుంటుంది కూడా.

కూర్చునేచోట నొప్పి. మెత్తని సీటు కవరు కొననా?

రెండు వారాలు ఆగండి, ఒళ్ళు అలవాటు పడుతుంది. మెత్తటి స్పాంజి కవరు మొదటి రోజు సుఖం, తరువాత తొడలు ఒరుసుకుంటాయి, వానకు తడిస్తే రెండు రోజులు ఆరదు. సీటు ముక్కు ఆకాశం వైపు చూస్తుంటే మాత్రం వెంటనే సమంగా దించండి.

మోకాలి ముందు వైపు నొప్పి వస్తోంది.

సాధారణంగా రెండు కారణాలు: సీటు మరీ కిందికి ఉండటం, లేదా గేరు బరువై నెమ్మదిగా, గట్టిగా తొక్కవలసి రావడం. సీటు ఒక సెంటీమీటరు పెంచి, బలంగా కాక చురుకుగా తొక్కి చూడండి. అప్పటికీ నొప్పి ఉంటే ఎక్కువ పళ్ళ ఫ్రీవీలు వేయించండి. వాపు ఉంటే డాక్టరును చూడండి, సైకిలు షాపును కాదు.

చెమటతో పనిలోకి ఎలా వెళ్ళను?

చెమట పట్టకుండా వెళ్ళే ఉపాయం ఈ తేమలో లేదు. ఆఖరి కిలోమీటరు నెమ్మదిగా తొక్కండి, పది నిమిషాలు ముందు చేరండి, ఒక తువ్వాలు, ఒక మార్పు చొక్కా. సంచీని వీపున కాక క్యారియర్ మీద కట్టండి. వీపు సగం తడి తగ్గుతుంది.

చీర, చున్నీలతో తొక్కవచ్చా?

తొక్కవచ్చు, మూడు ఉండాలి: కిందికి వంగిన ఫ్రేము, నిండు చైన్‌కవరు, వెనుక చక్రానికి జాలీ. జాలీ లేని సైకిలుకు ఏ షాపులోనైనా బిగిస్తారు. చున్నీ కొసలు వెనుక ముడి వేసుకోండి, పైట కొంగు నడుముకు దోపుకోండి. పంచె కట్టేవారికీ ఇదే మాట. వారు అడగరు కానీ చైనులో పడేది ఎక్కువ వారిదే.

పంటు (నది దాటించే బల్లకట్టు) మీద సైకిలు ఎక్కించవచ్చా?

నరసాపురం రేవులో సఖినేటిపల్లి వైపు పోయే పంటు మీద రోజూ ఎక్కిస్తారు. రేవు వాలు పోటు నీటికి తడిసి పాచి పట్టి ఉంటుంది కాబట్టి సైకిలు దిగి, బ్రేకు మీద చెయ్యి వేసి నడిపించండి. పంటు మీద స్టాండు వేసి వదిలేయకుండా పట్టుకుని నిలబడండి.

## వాన, ఉప్పు, కోతలు

చైనుకు కొబ్బరినూనె వేయవచ్చా?

ఈ ప్రశ్న అడిగే హక్కు కోనసీమకు ఉంది, కానీ వద్దు. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున సీసాలో చూసేది చైను లింకుల్లోనూ జరుగుతుంది. పాతబడితే జిగురై దుమ్మును పట్టుకుంటుంది. కుట్టుమిషను నూనె ఎండాకాలానికి సరే, ఒక్క వానకు కడుక్కుపోతుంది. వానల్లో కొత్త ఇంజను ఆయిలు లింకుకు ఒక చుక్క చొప్పున వేసి, కాసేపాగి పైన మిగిలింది గుడ్డతో పూర్తిగా తుడిచేయండి. నూనె పని చేయవలసింది లింకు లోపల. మోటారు సైకిలు నుంచి తీసిన నల్ల ఆయిలు వాడకండి, అందులో లోహపు పొడి ఉంటుంది.

వానలో బ్రేకు అసలు పడటం లేదు.

ఇనుప రిమ్ముల స్వభావమే అది. తడి రిమ్ము మీద కట్టె జారుతుంది. ఆగవలసిన చోటుకు చాలా ముందు నుంచే రెండు బ్రేకులూ సన్నగా నొక్కి పట్టుకుంటే నీరు తుడుచుకుపోయి పట్టు వస్తుంది. వేగాన్ని పొడి రోజుల వేగంలో సగానికి తగ్గించండి. చేపల లారీలు కార్చిన నీళ్ళు ఎండలో కూడా రోడ్డును జారుడు చేస్తాయి. ఆ తడి చార మీద మలుపు తిప్పకండి.

తుప్పును ఎలా ఆపాలి?

ఆపలేరు, ఆలస్యం చేయగలరు. వారానికోసారి మంచినీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, నూనె గుడ్డతో రిమ్ములు వదిలి మిగతా ఇనుమంతా తుడవండి. రిమ్ముకు నూనె తగిలితే బ్రేకు పోతుంది. సీటు రాడ్డుకు ఏడాదికోసారి గ్రీజు పూయండి. నేను మూడేళ్ళు వదిలేస్తే గొట్టంలో అతుక్కుపోయింది, ఇద్దరు మనుషులు, ఒక సుత్తి, ఒక పూట పట్టింది.

కోతలప్పుడు రోడ్డంతా ధాన్యం, గడ్డి. దాని మీద నుంచి పోవచ్చా?

ధాన్యం మీద పోతే పడతారు. గింజలు బేరింగు గుళ్ళలా దొర్లుతాయి, పైగా ఒకరి కష్టం. గడ్డి వేరే ఇబ్బంది. ఒక డిసెంబరులో నా సైకిలు ఉన్నట్టుండి బరువెక్కింది. దిగి చూస్తే ఫ్రీవీలుకు, స్పోకులకు మధ్య ఎండుగడ్డి పోచలు దారపు ఉండలా బిగుసుకుని ఉన్నాయి. వెనక్కి తిప్పితే రాలేదు. తాళం చెవి మొనతో ఒక్కో పోచా లాగుతూ కూర్చుంటే, నూర్పిడి దగ్గరి పెద్దాయన కొడవలి తెచ్చి మూడు కోతల్లో తేల్చారు. అప్పటి నుంచి గడ్డి కనిపిస్తే దిగి నడిపిస్తున్నాను.

వరద నీటిలో తొక్కవచ్చా?

రోడ్డు అంచు కనబడకపోతే తొక్కకండి, నడిపించకండి కూడా. ఇరుసు మునిగేంత నీటిలో తిరిగిన సైకిలుకు బేరింగులు విప్పి పాత గ్రీజు తీసి కొత్తది పెట్టించాలి. పైకి బాగానే తిరుగుతుంది, లోపల బురద ఉంటుంది.

## బాగుచేతలు

తొక్కేటప్పుడు చుట్టుకొకసారి టక్ మంటోంది.

పెడలు కడ్డీని పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులై ఉండవచ్చు. నట్టు బిగించి సరిపెట్టుకోకండి. పిన్ను సుత్తితో దిగాక నట్టు దాన్ని పట్టి ఉంచుతుందే కానీ, నట్టే దాన్ని లోపలికి లాగలేదు. అరిగిన పిన్ను మార్చాలి.

చైను ఎప్పుడు మార్చాలి?

స్కేలు పెట్టి కొలవండి. కొత్త చైనులో ఒక పిన్ను నడుమ నుంచి, దాని తరువాత వచ్చే ఇరవై నాలుగో పిన్ను నడుమకు సరిగ్గా 12 అంగుళాలు వస్తుంది. అది 12 అంగుళాల మీద ఇంకో అంగుళంలో ఎనిమిదో వంతు ఎక్కువకు వచ్చిందంటే మార్చే సమయం దాటుతోంది. అరిగిన చైను ఫ్రీవీలు పళ్ళనూ తనతో తీసుకుపోతుంది.

ఓవరాయిలింగు ఏడాదికి ఎన్నిసార్లు?

రోజూ తిరిగే సైకిలుకు ఒకసారి, వానలు వెళ్ళాక నవంబరులో. విప్పినప్పుడు దగ్గర ఉండి చూడండి. వెనుక ఇరుసులో పావు అంగుళం బేరింగు గుళ్ళు ఒక్కో వైపు తొమ్మిది ఉంటాయి. ఒకటి రెండు బాగుండి మిగతావి మచ్చలు పడితే అన్నీ మార్పించండి, పాతవీ కొత్తవీ కలిపితే కొత్తవి తొందరగా పోతాయి. షాపులో సాయంత్రానికి ఇస్తామంటారు, రెండు రోజులు అనుకోండి. పండగ వారంలో మాత్రం ఇవ్వకండి. నాది ఒకసారి భోగికి ఇస్తే కనుమ దాటాక వచ్చింది, అదీ గంట లేకుండా.